పులిపిర్లు కాల్చొచ్చు, పెరుగుతున్న పుట్టుమచ్చను కాదు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా వయసు 47. మెడ చుట్టూ పదిహేను దాకా చిన్న పులిపిర్లు వచ్చాయి. పుస్తెలతాడు ఒరుసుకుని మంటగా ఉంటోంది. మా అత్తగారు సున్నం, సోడా కలిపి పెట్టమంటున్నారు. బ్యూటీ పార్లర్‌లో కరెంట్ మిషన్‌తో కాల్చేస్తామన్నారు. కణత దగ్గరున్న పుట్టుమచ్చ కూడా ఈ ఏడాది కాస్త పెరిగినట్టుంది. అన్నీ ఒకేసారి తీయించుకోవచ్చా?

జవాబు: ఒకేసారి వద్దమ్మా. ముందు ఆ పుట్టుమచ్చ సంగతి తేలాలి. పెరుగుతున్న మచ్చను కాల్చేస్తే, అదేమిటో తెలుసుకోవడానికి ల్యాబ్‌కు పంపేందుకు ముక్క కూడా మిగలదు. స్కిన్ డాక్టర్ డెర్మటోస్కోప్‌తో, అంటే చర్మాన్ని పెద్దగా చూపే భూతద్దం లాంటి పరికరంతో చూసి, అనుమానం ఉంటే కత్తితో తీసి బయాప్సీకి పంపుతారు. ఏమీ లేదంటే వదిలేయొచ్చు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి అయినా, శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రి అయినా ఫరవాలేదు, మీకు ఏది వీలైతే అక్కడికి వెళ్లండి.

మెడ మీదవి స్కిన్ ట్యాగ్స్ అయి ఉండొచ్చు. సన్నటి కాడకు వేలాడే మెత్తటి కండ అది, ప్రమాదం లేదు. కానీ ఇన్ని వచ్చాయంటే నేను ముందు షుగర్ పరీక్ష రాస్తాను. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా అయిందేమో చూసుకోండి. చాలామంది దాన్ని మురికి అనుకుని పీచుతో తెగ రుద్దుతారు. నిజానికి ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోయినా అలా అవుతుంది.

ఇక కాల్చడం. తిమ్మిరి క్రీమ్ రాసి గంట ఆగుతాం, లేదా సన్న సూదితో మత్తు ఇస్తాం. పట్టకారుతో పులిపిరిని పైకి లాగి, వేడి కొనను కాడకు తగిలిస్తాం. ఒక్కోదానికి కొన్ని సెకన్లే. వెంట్రుక కాలినట్టు వాసనొస్తుంది, కంగారు పడకండి. కట్టిన నల్ల పెచ్చు వారం, పది రోజుల్లో దానంతటదే రాలుతుంది, గిల్లొద్దు. అప్పటిదాకా పుస్తెలను మెత్తటి దారానికి కట్టుకోండి.

మన చామనచాయ చర్మం మీద కాస్త లోతుగా కాలినా నల్లమచ్చ పడి నెలల తరబడి పోదు. పార్లర్ వద్దనేది అందుకే. సున్నం, సోడా అయితే ఎంత లోతుకు తినేస్తాయో పెట్టినవాళ్లకే తెలియదు. మీ అత్తగారికి నా మాటగా చెప్పండి.

రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా, పాత గాయాలు ఉబ్బెత్తుగా మానినా డాక్టర్‌కు ముందే చెప్పాలి. షుగర్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. ఎక్కువగా ఉంటే, అదుపులోకి వచ్చాకే మెడ మీదవి తీయించుకోండి.