చీర సందేహాలు: పువ్వు అంచు మసకగా ఉంటే లోపమా?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి పోచంపల్లి పట్టుచీర కొన్నాం. డిజైను అంచులు గీత గీసినట్టు లేవు, కాస్త చెదిరినట్టున్నాయి. కాబోయే వియ్యపురాలు చూసి, ‘రంగు పాకింది, మార్చేయండి’ అన్నారు. షాపువాళ్లు వారంలోపు మారుస్తామన్నారు. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొందరపడి మార్చకండమ్మా. పోచంపల్లి చీరకు రంగు నేశాక వేయరు, మగ్గమెక్కక ముందే పోగుకు వేస్తారు. ముందు ఆసు పోయాలి, అంటే పోగును మేకుల చుట్టూ వరసగా తిప్పాలి. తర్వాత డిజైను ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఈ కట్టుడు పనినే మా వైపు చిట్కి అంటాం. ఇంకో రంగు కావాలంటే మళ్లీ విప్పడం, మళ్లీ కట్టడం. అలా రంగేసిన పోగుల్ని నేసేటప్పుడు సరిచూసుకుంటూ కలిపితే పువ్వు వస్తుంది. ఎంత చెయ్యి తిరిగిన నేతగాడికైనా వెంట్రుకవాసి తేడా రాక మానదు. మీవాళ్లు చూసిన మసక అదే అయి ఉంటుంది.

మా అమ్మ ఆసు పోసేది. నడుమ మేకు నుంచి ఎదురుగా వంపుగా ఉన్న మేకులకూ, అక్కణ్ణుంచి వెనక్కీ పోగు తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి ఆడాలి. చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆమె పేరుతోనే ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మా వాడకట్టుకు వచ్చేసరికి అమ్మ ఆసు మానేసింది. భుజం ఇక లేవలేదు మరి. వియ్యపురాలికి ఇదంతా చెప్పండి, వింటారు.

అయినా మీ అనుమానం మీరు తీర్చుకోవాలి కదా. చిట్కి మసక పోగు వెంబడే సాగుతుంది. కారిన రంగు మరకలా నాలుగు వైపులా పాకుతుంది. తెల్లటి నూలుగుడ్డ తడిపి, కుచ్చిళ్లలోకి పోయే చోట ఒక మూల మెల్లగా అద్ది చూడండి. గుడ్డకు రంగు బాగా అంటితే అప్పుడు తప్పకుండా వాపసివ్వండి. చీర తిరగేసి కూడా చూడండి. ఇలా పోగుకు రంగేసి నేసిన డిజైను రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. ప్రింటు చీరైతే సాధారణంగా వెనకవైపు వెలిసినట్టుంటుంది.

ఇంకో మాట. సిల్క్ మార్క్ ఉందంటే అది అసలు పట్టు అని మాత్రమే అర్థం, చేత్తో నేసినట్టు కాదు. దానికి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. సేల్స్ కుర్రాళ్లు ఒకటి చూపించి రెండో మాట కూడా చెప్పేస్తుంటారు!

ప్రశ్న: గద్వాల పట్టుచీర అని కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే అంచూ కొంగూ పట్టు, ఒళ్లంతా నూలు. మోసపోయానా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పట్టు ధర పెట్టి ఉంటే మోసమే. లేదంటే పాతకాలపు అసలు గద్వాల చీర అదే! అంచును తర్వాత కుట్టరు, మగ్గం మీదే చీర ఒంటి పేకను (అడ్డపోగును) అంచు పేకతో మెలేస్తూ నేస్తారు. అతుకు దగ్గర వేలితో తడిమి చూడండి, తెలుస్తుంది. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు జోడు పంచెలు నేసి పంపేదీ ఈ గద్వాల నేతగాళ్లే. మొదటిసారి మాత్రం డ్రై క్లీనింగ్‌కే ఇవ్వండి. అంచు రంగు నూలులోకి దిగితే ఎవరూ తీయలేరు.

ప్రశ్న: అమ్మ పెళ్లిచీర మడతల దగ్గర చీలుతోంది. హ్యాంగర్‌కు వేలాడదీయనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దు, జరీ బరువుకు ఇంకా చీలుతుంది. పాత మెత్తటి నూలు పంచెలో చుట్టి పెట్టండి. రెండు మూడు నెలలకోసారి తీసి, నీడన ఆరేసి, మడత మార్చండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి.