అమెరికా నుంచి తెచ్చిన ఫోన్‌లో ఇక్కడి సిమ్ పనిచేస్తుందా?

అన్‌లాక్ అయిన ఫోనైతే సాధారణంగా పనిచేస్తుంది, లాక్ ఉంటే మాత్రం వేరే కంపెనీ సిమ్ ఏది వేసినా పట్టదు, ఐఫోన్ అయితే 'సిమ్ నాట్ సపోర్టెడ్' అని చూపిస్తుంది. అక్కడ చాలామంది ఫోన్‌ని నెట్‌వర్క్ కంపెనీ దగ్గరే నెలవారీ వాయిదాల్లో కొంటారు, బాకీ తీరకుండా ఇంకో నెట్‌వర్క్‌కి పోకూడదని వాళ్లు ఆ తాళం వేస్తారు. ఉదాహరణకు అక్కడి నెట్‌వర్క్ కంపెనీ ఏటీ అండ్ టీలో వాయిదాల మీద కొన్న ఐఫోన్ 13లో జియో సిమ్ పట్టదు. డబ్బంతా కట్టేశాక, *#06# కొడితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ ఇచ్చి వాళ్లకే రిక్వెస్ట్ పెట్టాలి, దానికి ఫీజేమీ ఉండదు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే లాక్ పోతుందనుకుంటారు చాలామంది. పోదు, ఆ వివరం ఆపిల్ సర్వర్‌లో ఐఎంఈఐ మీద నమోదై ఉంటుంది. తెప్పించుకునే ముందే ఐఫోన్ సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్‌లోకి వెళ్లి క్యారియర్ లాక్ ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉందో లేదో చూడమనండి.