టెక్ సందేహాలు: బ్యాటరీ రెండుసార్లు మార్చినా పికప్ మొండికేస్తోంది

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి మాట్లాడుకునే చోట బండి గొడవేమిటని అనుకోకండి. ఇప్పటి పికప్ ట్రక్కులో ఇంజనుకు ఒక కంప్యూటరు, బ్రేకులకు ఒకటి, తలుపులకు ఒకటి, ఇలా పదులకొద్దీ ఉంటాయి. వీటినే మాడ్యూళ్లంటారు. అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటాయి. కాబట్టి ఈసారి బండి ప్రశ్నలకే చోటిస్తున్నాను. మొదటి జవాబు కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

ప్రశ్న: నా పికప్ కొని నాలుగేళ్లయింది. ఏడు నెలలుగా ఒకటే తలనొప్పి. మూడు రోజులు కదపకుండా ఉంచితే స్టార్ట్ కాదు. ఒక్కోసారి స్టార్టయినా డాష్‌బోర్డు మీద ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), స్టీరింగ్, ట్రాక్షన్ (చక్రాలు జారకుండా చూసేది) లైట్లు ఒకేసారి వెలుగుతాయి, కాసేపటికి వాటంతటవే ఆరిపోతాయి. వాన పడిన మర్నాడు ఈ బాధ ఎక్కువ. బ్యాటరీ రెండుసార్లు, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఒకసారి మార్చారు. ఇప్పుడు మెకానిక్ బాడీ కంట్రోల్ మాడ్యూల్ (తలుపులు, లైట్లు చూసుకునే కంప్యూటరు) మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏమేం మార్చారో ఉంది కానీ ఎక్కడ ఎంత వోల్టేజి వచ్చిందో ఒక్క అంకె లేదు. కొలవకుండా మార్చుకుంటూ పోతే, ఏదో ఒకరోజు సరైన భాగం తగిలినా అది అదృష్టమే.

ముందు ఒక హెచ్చరిక. ఏ పనికైనా బ్యాటరీ తీగ విప్పేముందు స్కానర్ (మాడ్యూళ్లు దాచుకున్న లోపాల కోడ్‌లను చదివే పరికరం) పెట్టి కోడ్‌లన్నీ రాసుకోండి, ఫొటో తీసినా సరే. తీగ విప్పితే కొన్ని కోడ్‌లు చెరిగిపోవచ్చు. నిద్రపోకుండా కరెంటు తాగుతున్న మాడ్యూల్ కూడా రీసెట్ అయి, రెండు రోజులు బుద్ధిగా ఉంటుంది. ‘బాగైపోయింది’ అని బండి చేతికిస్తారు, మూడో రోజు మళ్లీ అదే కథ.

కోడ్‌లను చదవడంలోనూ ఒక మెలకువ ఉంది. ‘యూ’తో మొదలయ్యేవి నెట్‌వర్క్ కోడ్‌లు. ఉదాహరణకు యూ0100 అంటే ఇంజన్ కంప్యూటరు నుంచి మాట వినిపించడం లేదని ఇంకో మాడ్యూల్ చేసిన ఫిర్యాదు. యూ0121 అయితే ఏబీఎస్ నుంచి వినిపించడం లేదని. ఫిర్యాదులో పేరున్న మాడ్యూలే చెడిపోయిందని దాని అర్థం కాదు. దానికి పవర్ అందకపోయినా, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారి) సరిగ్గా లేకపోయినా, మధ్యలో తీగ తెగినా ఇదే కోడ్ వస్తుంది. అయిదు మాడ్యూళ్లు కలిసి ఒకదాని మీదే చెబుతుంటే ఆ ఒక్కదాని కనెక్టర్ దగ్గర వెతకాలి. అందరూ అందరి మీదా చెబుతుంటే అది నెట్‌వర్క్ తీగల లోపమైనా కావాలి, లేదా వోల్టేజి పడిపోయి అన్నీ ఒక్కసారి తూలి ఉండాలి. జాబితాలో పీ0562, అంటే సిస్టమ్ వోల్టేజి తక్కువ అనే కోడ్ కూడా ఉంటే, ముందు దాని సంగతి చూడండి. మిగతావి చాలావరకు దాని పిల్లలే.

ఇక మీటర్ తీయండి. మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. రాత్రంతా కదలని బండి మీద ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 అంటే సగం ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీనో, దాని తీగలనో అనుమానించాలి. టెర్మినల్ క్లాంపును చేత్తో తిప్పి చూడండి. తిరిగిందంటే ఏడు నెలల తలనొప్పికి కారణం పది నిమిషాల్లో దొరికినట్టే. డీజిల్ పికప్ అయి రెండు బ్యాటరీలుంటే ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంచకండి. పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

ఆ తర్వాత ఎర్త్. నా అనుభవంలో ఎక్కువగా మోసం చేసేది ఇదే. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కు, బాడీకి, ఛాసిస్‌కు వెళ్లే తీగలు బోల్టులతో బిగించి ఉంటాయి. బోల్టు కింద తుప్పో, పెయింటో చేరితే పైకి ఏమీ కనిపించదు. ఓమ్స్‌లో పెట్టి కొలిస్తే మీటర్ కూడా సున్నా చూపి మోసపోతుంది. ఎందుకంటే తీగలో ఒక్క పోగు మిగిలినా మీటర్ పంపే చిన్న కరెంటుకు అది సరిపోతుంది, సెల్ఫ్ మోటారు లాగే వందకు పైగా ఆంపియర్లకు సరిపోదు. అందుకే పని చేయిస్తూ కొలవాలి. మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్ పోస్టుకే (క్లాంపుకు కాదు) ఆనించి, ఎర్ర ప్రోబ్‌ను ఇంజన్ ఇనుము మీద శుభ్రమైన చోట ఆనించండి. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు వస్తే మంచిది. అర వోల్టు వస్తే దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ఇంజన్ నడుస్తూ హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి ఉండగా బాడీ మీద, ఛాసిస్ మీద కూడా ఇలాగే చూడండి.

ఒకప్పుడు నేనూ ఒక బండి విషయంలో రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను. సెన్సార్ మార్చాను, రిలే మార్చాను. చివరికి చూస్తే ఎవరో రిపేరు చేసి పెయింటు కొట్టి, ఆ పెయింటు మీదే ఎర్త్ బోల్టు బిగించారు. ఉప్పు కాగితంతో రుద్దితే అయిపోయింది. ఆ సెన్సార్ ఇంకా నా సొరుగులోనే ఉంది.

ఇక మూడు రోజుల లెక్క. ఆపేసిన బండి కూడా కొద్దిగా కరెంటు తాగుతుంది. మాడ్యూళ్లన్నీ నిద్రపోయాక అది 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే సరే. ఏదో ఒకటి మేలుకుని అర ఆంపియర్ లాగిందనుకుందాం. రోజుకు 12 ఆంపియర్ అవర్లు, మూడు రోజులకు 36. డెబ్బై ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగం అక్కడే పోయింది. మీ కథకు ఈ లెక్క సరిగ్గా అతుకుతోంది. అదే నిజమైతే ఎన్ని కొత్త బ్యాటరీలు పెట్టినా మూడో రోజు ఇంతే.

కొలవడానికి డీసీ క్లాంప్ మీటర్ ఉంటే ఉత్తమం, తీగ విప్పే పనే ఉండదు. అయితే ఇంత చిన్న కరెంటును చూపగలిగేదై ఉండాలి. బానెట్ తెరిచే ఉంచి, దాని లాక్‌ను, మీ వైపు తలుపు లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు నమ్మించండి. తాళం దూరంగా పెట్టండి, జేబులో ఉంటే బండి దాన్ని పసిగట్టి మేలుకుంటుంది. తర్వాత గంటసేపు ముట్టుకోకండి. చాలామంది అయిదు నిమిషాలకే అంకె చూసి బెంబేలెత్తుతారు. కొన్ని మాడ్యూళ్లు నిద్రపోవడానికి అరగంట పైనే తీసుకుంటాయి. మామూలు మీటర్‌ను నెగటివ్ తీగ మధ్యలో కలిపి కొలుస్తుంటే మాత్రం పొరపాటున కూడా ఇగ్నిషన్ వేయకండి. మీటర్ లోపలి 10 ఆంపియర్ల ఫ్యూజు ఎగిరిపోతుంది.

కరెంటు ఎక్కువ చూపితే పాత పద్ధతిలో ఒక్కో ఫ్యూజు పీకి చూడకండి. పీకి మళ్లీ పెట్టగానే ఆ మాడ్యూల్ లేచి కూర్చుంటుంది, మళ్లీ గంట కాపలా. దానికి బదులు ప్రతి ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. సున్నా ఉంటే ఆ దారిలో కరెంటు పోవడం లేదు. ఎంతోకొంత చూపితే పోతోంది. సాధారణంగా దొరికే దొంగలు మీరు తర్వాత బిగించినవే: డాష్‌క్యామ్, అదనపు లైట్లు, ట్రెయిలర్ బ్రేక్ కంట్రోలర్. వాటిని తొక్కుడు క్లిప్పులతో (నొక్కితే తీగలోకి దిగేవి) అసలు తీగకు తగిలించి ఉంటే ఇంకా అనుమానించండి. ఆ క్లిప్పు తీగ పోగులను కోస్తుంది, ఆ కోత లోంచి తేమ లోపలికి పాకుతుంది. ఆల్టర్నేటర్‌లో డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) చెడినా రాత్రిపూట కరెంటు కారుతుంది, కొత్తది పెట్టారు కదా అని దాన్ని వదిలేయకండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద ఏసీ వోల్టులు కొలిస్తే అర వోల్టు దాటకూడదు.

ఇప్పుడు వాన సంగతి. నాకు ఇదే అసలు ఆధారం అనిపిస్తోంది. పికప్‌కు కారుకు లేని బలహీనతలు కొన్ని ఉన్నాయి. వెనక ట్రెయిలర్ సాకెట్ నీళ్లకు, బురదకు ఎదురుగా ఉంటుంది. మూత తీసి చూడండి, పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే దాన్ని వదిలేయకూడదు. క్యాబిన్ వెనక పైన ఉండే మూడో బ్రేక్ లైటు సీలు వదులైతే నీళ్లు లోపలికి దిగుతాయి. సీటు వెనక కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. కొన్ని మోడళ్లలో టెయిల్ ల్యాంపులోనే బ్లైండ్ స్పాట్ రాడార్ (అద్దాల్లో కనిపించని వైపు వచ్చే బండ్లను పసిగట్టేది) ఉంటుంది. ల్యాంపులోకి నీళ్లు చేరి ఆ రాడార్ తడిస్తే అది నెట్‌వర్క్‌నే పాడుచేస్తుంది. వెనక లైటు తడిస్తే ముందు స్టీరింగ్ లైటు ఎందుకు వెలిగిందో అర్థం కాక మెకానిక్‌లు జుట్టు పీక్కునేది ఇక్కడే.

ఆ నెట్‌వర్క్ పేరు క్యాన్ బస్. బాష్ కంపెనీ దీన్ని 1986లో బయటి ప్రపంచానికి చూపించింది. మెలితిప్పిన రెండు తీగలు, రెండు చివరలా 120 ఓమ్స్ రెసిస్టర్లు. రెండూ కలిస్తే 60. బ్యాటరీ విప్పి, ఓబీడీ సాకెట్‌లో (స్కానర్ తగిలించే చోటు) 6, 14 నంబర్ల పిన్నుల మధ్య కొలవండి. సుమారు 60 వస్తే అక్కడి వరకు తీగ బాగుంది. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నా దగ్గర ఉంటే తీగలు రెండూ ఎక్కడో తాకుతున్నాయి. కొన్ని కొత్త బండ్లలో మధ్యలో గేట్‌వే మాడ్యూల్ (నెట్‌వర్క్‌ల మధ్య కాపలాదారు) ఉంటుంది, అప్పుడు ఈ సాకెట్ నుంచి మొత్తం నెట్‌వర్క్ కనిపించదు, వైరింగ్ బొమ్మ చూసి అవతలి వైపు కొలవాలి. వాన మర్నాడు లైట్లు వెలిగి ఉన్నప్పుడే టెయిల్ ల్యాంపుల కనెక్టర్లు ఒక్కోటి పీకి చూడండి. పీకగానే మిగతా మాడ్యూళ్లు మాట్లాడుకోవడం మొదలుపెడితే దొంగ దొరికాడు. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌లవి, నారింజ రంగు తీగలు హైబ్రిడ్‌లలో హై వోల్టేజివి. వాటి జోలికి మీరు వెళ్లకండి.

బాడీ కంట్రోల్ మాడ్యూల్ ఎప్పుడు మార్చాలంటే, దాని కనెక్టర్ దగ్గర పవర్, ఎర్త్, నెట్‌వర్క్ తీగలు మూడూ పనిలో ఉండగా సరిగ్గా ఉన్నాయని కొలిచి చూపించాక కూడా అది పని చేయకపోతే. మీ మెకానిక్‌ను ఆ అంకెలు అడగండి. కొత్త మాడ్యూల్‌ను సాధారణంగా బండికి తగ్గట్టు ప్రోగ్రామ్ కూడా చేయాలి, పెట్టి చూసి పనికిరాకపోతే వెనక్కిచ్చేద్దాం అంటే కుదరకపోవచ్చు.

ప్రశ్న: కొత్త బ్యాటరీ వేశాక వోల్టేజి ఒకసారి 14.6, ఇంకోసారి 12.9 చూపుతోంది. ఛార్జింగ్ పోయినట్టేనా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: బహుశా పోలేదు. ఇప్పటి బండ్లు అవసరాన్ని బట్టి ఆల్టర్నేటర్‌ను పెంచుతాయి, తగ్గిస్తాయి. నిండిన బ్యాటరీకి ఇంకా పంపడం ఎందుకని ఇంధనం ఆదా చేసుకుంటాయి. హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి చూడండి. 13.5 పైకి లేస్తే బాగానే ఉంది. అన్నీ వేసినా 12.5 దగ్గరే వేలాడితే అప్పుడు చూపించండి. ఒక విషయం కనుక్కోండి: నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ ఉన్న చాలా బండ్లలో కొత్త బ్యాటరీ వేశామని కంప్యూటరుకు స్కానర్‌తో చెప్పాలి. చెప్పకపోతే పాత ముసలి బ్యాటరీకి చేసిన సేవే కొత్తదానికీ చేస్తుంది. అదే కారణంగా అదనపు పరికరాల నెగటివ్ తీగను బ్యాటరీ పోస్టుకు కాకుండా ఛాసిస్‌కు బిగించాలి. పోస్టుకు బిగిస్తే ఆ కరెంటు సెన్సార్ లెక్కలోకి రాదు.

ప్రశ్న: బ్లూటూత్ ఓబీడీ డాంగుల్ (బండి కోడ్‌లను ఫోన్‌లో చూపే చిన్న పరికరం) ఎప్పుడూ పెట్టే ఉంచుతాను. నష్టముందా?

జవాబు: ఉంది. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు బండి ఆపినా పవర్ వస్తూనే ఉంటుంది. కొన్ని డాంగుళ్లు అంతటితో ఆగక నెట్‌వర్క్‌ను పదేపదే పలకరించి మాడ్యూళ్లను నిద్రపోనివ్వవు. పైగా చవక రకాల్లో చాలావాటికి సరైన పాస్‌వర్డ్ కూడా ఉండదు, పక్కన నిలబడ్డవాడు ఫోన్‌తో కలపగలడు. చూడటం అయిపోగానే తీసేయండి.

ప్రశ్న: బ్రేక్ నొక్కితే ఎడమ ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోంది. ఇంతకీ ఏ కంప్యూటర్ పాడైంది?

జవాబు: ఏదీ కాకపోవచ్చు. ఎడమ టెయిల్ ల్యాంపుకు ఎర్త్ తెగినట్టుంది. బ్రేక్ లైటు కరెంటు వెళ్లే దారి లేక పక్క బల్బు లోంచి దూరి పోతోంది. ల్యాంపు కనెక్టర్ నల్లతీగ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు, బ్రేక్ నొక్కి ఉంచి వోల్టేజి కొలవండి. ఒక వోల్టు దాటితే ఆ తీగ ఛాసిస్‌కు కలిసే బోల్టు విప్పి, మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించండి.