స్పితి దారికి ముందు షాకబ్జర్ల సంగతి

చి. వంశీకి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటో చూశాను. పక్కన చిన్న డబ్బా వేలాడే ఆ విదేశీ మోనోషాక్ (బండి వెనక చక్రానికి ఉండే ఒంటి షాకబ్జర్) చూడ్డానికి చాలా బాగుంది. ధర చూసి మాత్రం నాకు టెన్షన్ వచ్చింది. జూన్‌లో బండి మీద శ్రావణిని ఎక్కించుకుని మనాలి మీదుగా స్పితిలోని కాజా వెళ్తున్నావు కాబట్టి షాకబ్జర్ల గురించి ఆలోచించడం సరైనదే. కానీ ఇప్పుడే డబ్బు కట్టకు. ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. దానికి ఒక టేపు, ఒక కాటా, సాయానికి ఒక మనిషి చాలు.

ఎనిమిదేళ్ల క్రితం నేనూ అలాంటిదే ఒకటి కొన్నాను, సెకండ్ హ్యాండ్‌లో. పేరున్న కంపెనీది, కొత్తదానిలా మెరుస్తోంది. రెండేళ్లు దాని మీద నడుము విరగ్గొట్టుకున్నాను. తప్పంతా నా సెట్టింగ్‌లోనే ఉందనుకుని రోజూ స్క్రూలు తిప్పేవాణ్ణి. చివరికి విప్పించి స్ప్రింగ్ మీద నంబర్ చూస్తే, అది ఒంటరిగా తిరిగే అరవై అయిదు కిలోల మనిషి కోసం కట్టించిన షాక్ అని తేలింది. నా బరువు ఎనభై ఎనిమిది, వెనక మీ అత్తయ్య, పైన సామాను. స్ప్రింగ్ ఒక్కటి మార్చాక అదే షాక్ వేరే షాక్‌లా నడిచింది. అందుకే నీకు ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

షాకబ్జర్‌లో రెండు పనులు వేరువేరుగా జరుగుతాయి. బరువు మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఎంత వేగంగా నొక్కుకోవాలి, ఎంత వేగంగా తిరిగి లేవాలి అన్నది లోపలి ఆయిల్, వాల్వులు చూసుకుంటాయి. నొక్కుకునేటప్పుడు ఆపేది కంప్రెషన్, లేచేటప్పుడు ఆపేది రీబౌండ్. స్ప్రింగ్ నీ బరువుకు తగనప్పుడు ఎంత ఖరీదైన వాల్వులైనా దాన్ని కప్పిపుచ్చలేవు. కాబట్టి ముందు స్ప్రింగ్ లెక్క చూడు.

నీ హిమాలయన్ 411 బండికి వెనక 180 మిల్లీమీటర్ల ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదలగల దూరం) ఉంది, ముందు 200. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి వెనక చక్రం గాల్లో ఉందో లేదో చూసుకో. యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి నిటారుగా పైకి, సైడ్ ప్యానెల్ మీద ఒక గుర్తు దాకా కొలువు. అది మొదటి కొలత. తర్వాత స్టాండ్ తీసి, మనిషి ఎక్కకుండా బండిని నిలబెట్టి కొలువు. మూడోసారి మీ ఇద్దరూ ప్రయాణపు జాకెట్లు, బూట్లు వేసుకుని, బ్యాగులన్నీ కట్టి, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చోండి. పక్కనున్న మనిషి కొలుస్తాడు. మొదటి కొలతలోంచి మూడోది తీసేస్తే వచ్చేదాన్ని సాగ్ అంటారు. అది ట్రావెల్‌లో మూడోవంతుకు దగ్గరగా, అంటే 55 నుంచి 60 మిల్లీమీటర్లు ఉండాలి. నీది తొంభై దాటుతుందని నా అనుమానం. అదే నిజమైతే గుంత రాకముందే సగం ట్రావెల్ అయిపోయినట్టే. వెనక కుంగి ముందు లేస్తుంది, హెడ్‌లైట్ చెట్ల కొమ్మల మీద పడుతుంది, మలుపులో బండి తిరగనని మొండికేస్తుంది.

అప్పుడు అందరూ చేసేది సి-స్పానర్ (కొక్కెం లాంటి పానా) పట్టుకుని ప్రీలోడ్ రింగు, అంటే స్ప్రింగ్‌ను ముందే కాస్త నొక్కి ఉంచే రింగు, బిగించడం. నువ్వూ చెయ్యి, కానీ ఒక మాట గుర్తుంచుకో. ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడదు, బండి కాస్త పైకి లేస్తుంది, అంతే. అందుకని బిగించి సాగ్‌ను 60కి తెచ్చాక, మనిషి లేని కొలత మళ్లీ చూడు. ఖాళీ బండి తన బరువుకు తాను ఓ పదిహేను ఇరవై మిల్లీమీటర్లు కిందికి దిగాలి. అసలు దిగకుండా పూర్తిగా సాగి నిలబడితే స్ప్రింగ్ మెత్తనిదని అర్థం, గట్టిది కావాలి. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. 'బండి అంత బిగుసుకుని ఉంది కదా, స్ప్రింగ్ గట్టిదే' అని మెత్తనిది కొని మోసపోతారు. ఖాళీగా ఉన్నప్పుడే మరీ కిందికి దిగిపోతే అప్పుడు స్ప్రింగ్ ఎక్కువ గట్టిది.

మీ వీధి చివర హోల్‌సేల్ కిరాణా కొట్టులో పెద్ద కాటా ఉంటుంది కదా. మీ ఇద్దరూ పూర్తి గేర్‌తో దాని మీద నిలబడండి, తర్వాత బ్యాగులు ఒక్కొక్కటీ పెట్టండి. జాకెట్లు, బూట్లు, హెల్మెట్ కలిపితే మనిషికి ఏడెనిమిది కిలోలు అవుతాయి, దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. షాక్ అమ్మేవాడికి ఈ అంకెలు చెప్పాలి. మంచి అమ్మకందారైతే నీకంటే ముందే తనే అడుగుతాడు. నీ బరువు, వెనక కూర్చునే మనిషి బరువు, సామాను, ఎలాంటి దారులు అన్నవి అడక్కుండా 'ఈ బండికి ఇదే మోడల్' అంటే అక్కడ కొనకు. ఇంకొకటి, గట్టి స్ప్రింగ్ వేసినంత మాత్రాన బండి మోయగల గరిష్ఠ బరువు పెరగదు. చాసిస్, రిమ్ములు, బ్రేకులు అవే కదా. ఓనర్ మాన్యువల్‌లో రాసిన హద్దు దాటితే సామాను తగ్గించాల్సిందే.

ఇక ఏది కొనాలి? థాయ్‌లాండ్ వైఎస్ఎస్, నెదర్లాండ్స్ హైపర్‌ప్రో, స్వీడన్ ఓలిన్స్, ఎవరి దారి వాళ్లది. నేను పేరు చూసి ఎంచుకోను, మూడు ప్రశ్నలు వేస్తాను. నా బరువుకు స్ప్రింగ్ మార్చి ఇస్తారా? సీలు పోతే మన దేశంలో విప్పి, ఆయిల్ మార్చి, నైట్రోజన్ నింపే మనిషి ఉన్నాడా? ప్రీలోడ్‌ను చేత్తో తిప్పే హైడ్రాలిక్ నాబ్ ఉందా? మూడోది నీకు చాలా అవసరం. వారమంతా ఒంటరిగా ఆఫీసుకు వెళ్తావు, సెలవుల్లో ఇద్దరూ వెళ్తారు. ప్రతిసారీ సి-స్పానర్‌తో కుస్తీ పట్టడం ఎవరివల్లా కాదు, చివరికి ఏదో ఒక సెట్టింగ్‌లో వదిలేస్తావు. నువ్వు మోజుపడ్డ ఆ పక్క డబ్బా కూడా ఉత్త అలంకారం కాదు. గంటల తరబడి రాళ్ల దారిలో షాక్ వేడెక్కి ఆయిల్ పలచబడితే డ్యాంపింగ్ (ఊపును అదుపు చేసే పట్టు) జారిపోతుంది. డబ్బా ఉంటే ఆయిల్ ఎక్కువ పడుతుంది, వేడి ఆలస్యంగా ఎక్కుతుంది. నువ్వు కాజా వెళ్లేటప్పుడు గ్రాంఫూ నుంచి బాతల్ దాకా ఉన్న రాళ్ల దారిలో దాని విలువ తెలుస్తుంది. కానీ ఒకే డబ్బుతో డబ్బా, నాబ్ రెండింట్లో ఒకటే వస్తుందంటే నాబ్ తీసుకో.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల మీద అంత ఖర్చు వద్దు. వాటికి సర్దుబాటు స్క్రూలు లేవు కాబట్టి అక్కడ మార్చగలిగేవి స్ప్రింగులు, ఆయిల్. బ్రేక్ వేయగానే ముక్కు నేలకు దిగుతుంటే మీ బరువుకు తగ్గ స్ప్రింగులు వేయించు. ఆయిల్ చిక్కగా పోస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకు. నాకు ఒక షాపులో అలాగే పోశారు. ముక్కు దిగడం తగ్గింది నిజమే, కానీ ప్రతి గులకరాయి మణికట్టులోకి వచ్చేది. అరకు వెళ్లి వచ్చేసరికి చేతులు తిమ్మిరెక్కాయి. ఆయిల్ ఎన్ని మిల్లీలీటర్లు పోశారన్నది కాదు, స్ప్రింగ్ తీసి ఫోర్క్ పూర్తిగా కిందికి నొక్కినప్పుడు పైన ఎంత ఖాళీ ఉంది అన్నది రెండు వైపులా సమానంగా కొలవమను. పక్కనే నిలబడి చూడు.

కొత్తవి బిగించేముందు పాతవాటికి న్యాయం చెయ్యి. లింకేజ్ (వెనక షాక్‌ను చక్రం వైపు కలిపే కీళ్లు) బేరింగులు విప్పి గ్రీజు పెట్టించావా? వాగులు దాటిన బళ్లలో అవి ఎండిపోయి తుప్పు పడతాయి. అప్పుడు ఏ షాక్ వేసినా కదలదు. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) చూడు, ఫోర్క్ సీళ్లు చూడు, టైర్ గాలి చూడు. ఇవన్నీ చేయించాక నీకు వెనక స్ప్రింగ్ ఒక్కటే చాలు అనిపించినా ఆశ్చర్యం లేదు.

శ్రావణికి ఎక్కడానికి ఎత్తవుతోందని లోయరింగ్ లింకు (బండి ఎత్తు తగ్గించే లింకు) వేద్దామని రాశావు. దయచేసి వద్దు. లింకు మారితే స్ప్రింగ్ మీద పడే బలం మారిపోతుంది, ఇప్పటిదాకా కొలిచిన లెక్కంతా పోతుంది. ఇంజిన్ కింద ఉన్న ఖాళీ తగ్గుతుంది, నీకు కావాల్సిన దారిలో అదే ముఖ్యం. పొడుగు షాక్ వేసి ఎత్తు పెంచడమూ అలాంటిదే. ముందు ఫోర్కులు నిటారై హ్యాండిల్ తేలిపోతుంది, సైడ్ స్టాండ్ మీద బండి నిలబడదు. సరైన సాగ్ పెట్టాక బండి ఇప్పటికంటే కాస్త ఎత్తుగా అనిపిస్తుంది, అది మామూలే. తను ఎక్కేటప్పుడు నువ్వు రెండు కాళ్లూ నేల మీద గట్టిగా పెట్టి బ్రేక్ పట్టుకో, తను ఎడమ ఫుట్‌రెస్ట్ మీద నిలబడి ఎక్కుతుంది.

కొత్త షాక్ వచ్చాక వికారాబాద్ అనంతగిరి గుట్టల దారిలో ఒకే పది కిలోమీటర్ల ముక్క ఎంచుకుని మళ్లీ మళ్లీ తిరుగు. రీబౌండ్ స్క్రూ పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఎన్ని క్లిక్కులు వదిలావో పుస్తకంలో రాసుకో. ఒకసారికి ఒక్కటే మార్చు, అదీ రెండు క్లిక్కులే. గుంత దాటాక వెనక ఎగిరి ఇంకోసారి ఊగితే రీబౌండ్ తక్కువ. వరసగా చిన్న గుంతలు వచ్చినప్పుడు బండి అంతకంతకూ కిందికి కూరుకుపోయి కర్రలా బిగుసుకుంటే రీబౌండ్ ఎక్కువైంది, లేచేలోపే ఇంకో గుంత వచ్చేస్తోంది. ఎక్కువమంది ఈ రెండో తప్పును స్ప్రింగ్ తప్పనుకుంటారు.

కొండ ఎక్కాక ఒక చిన్న సంగతి. కింద మూసిన గాలి పైన ఎక్కువ ఒత్తిడి చూపిస్తుంది. హైదరాబాద్‌లో గాలి పట్టిన టైర్, కాజా ఎత్తుకు వెళ్లేసరికి గేజ్‌లో నాలుగైదు పీఎస్ఐ పెరగొచ్చు. చలికి కొంత తగ్గుతుంది కూడా, కాబట్టి పొద్దున్నే బండి కదలకముందు చూసి సరిచెయ్యి. తిరిగి దిగాక మళ్లీ పట్టించడం మర్చిపోకు.

ఈ ఆదివారం తూచి, కొలిచి నాకు అంకెలు పంపు. మీ ఇద్దరి బరువు, బ్యాగుల బరువు, మూడు కొలతలు. రాత్రికి కూర్చుని ఏ స్ప్రింగ్ కావాలో లెక్క వేసి ఫోన్ చేస్తాను. నా సి-స్పానర్, గ్రీజు గన్ మీ అమ్మ వచ్చేటప్పుడు ఇచ్చి పంపిస్తాను.

ప్రేమతో,
మీ మావయ్య
విశాఖపట్నం