కరెంటు బాయిలర్ వద్దు, హీట్ పంప్ చూడండి
అన్నా, జీడిమెట్ల ఫ్యాక్టరీలో 70 డిగ్రీల వేడినీళ్ల కోసం బొగ్గు బాయిలర్ తీసేసి కరెంటు బాయిలర్ పెడదామా అని అడిగారు కదా, దయచేసి అది మాత్రం వద్దు. మన గ్రిడ్ కరెంటు ఇంకా ఎక్కువగా బొగ్గుతోనే వస్తోంది, ఆ పవర్ ప్లాంట్‌లోనే వేడి సగానికి పైగా పోతది, అంటే కార్బన్ తగ్గకపోగా పెరుగుతది. హీట్ పంప్ (చుట్టూ ఉన్న వేడిని లాగి నీళ్లకి ఎక్కించే మిషిన్) కొటేషన్ తీసుకోండి, ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తది, చిల్లర్ (చల్లబరిచే మిషిన్) నుంచి వృథాగా పోయే వేడిని దానికి కలిపితే ఇంకా బెటర్. దానికన్నా ముందు, గాలి లీకేజీల్లో వృథా అయ్యే కరెంటు ఆపడానికి, ఆదివారం మిషిన్లన్నీ ఆపి గాలి కంప్రెసర్ ఒక్కటే ఆన్ చేయండి, గాలి ఎవరూ వాడకపోయినా అది మాటిమాటికీ లోడ్ అవుతుంటే (మళ్లీ గాలి నింపడం మొదలుపెడుతుంటే) పైపుల్లో లీకేజీలున్నట్టే, జాయింట్లకి సబ్బునీళ్లు పూసి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడండి.