అండం గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్, నీ వ్యాసం చదివాను.

"మనకు మూలమైన అండం అమ్మమ్మ కడుపులోనే తయారైంది" అని ఎత్తుకున్నావు. ఎవరినైనా పట్టి చదివించే మాటే. కానీ "తయారైంది" అనకు. అది అక్కడ మొదలై, సగంలో ఆగింది. నీ వ్యాసానికి ప్రాణం ఆ ఆగడంలోనే ఉంది. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

అక్కడ కాసేపు నిలబడి రాయి. అమ్మమ్మ కడుపులోని ఆడపిండానికి మూడో నెల వచ్చేసరికి కొన్ని కణాల్లో క్షయకరణ విభజన, అంటే క్రోమోజోముల సంఖ్యను సగం చేసే విభజన, మొదలవుతుంది. ఆ పాపకు తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమూ, తండ్రి నుంచి వచ్చినదీ జతగా చేరి ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఇక విడిపోవాలి. విడిపోకుండా అలాగే ఉండిపోతాయి. మళ్ళీ కదలిక వచ్చేది పాప పెద్దదయ్యాక, ఆ అండం విడుదలకు కొన్ని గంటల ముందే. అది పదిహేనేళ్ళకు కావచ్చు, నలభై అయిదేళ్ళకు కావచ్చు. విభజన పూర్తవడానికి వీర్యకణం లోపలికి రావాలి. అన్నేళ్ళూ ఆ క్రోమోజోములను పట్టి ఉంచేది కొహెసిన్ అనే ప్రొటీన్. వయసుతో దాని పట్టు సడలుతుంది. అప్పుడు అవి సరిగ్గా విడిపోకపోవచ్చు. తల్లి వయసు పెరిగేకొద్దీ, బిడ్డకు ఒక క్రోమోజోము ఎక్కువగా వచ్చే డౌన్ సిండ్రోమ్ అవకాశం పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. నువ్వు ఆ అవకాశం పెరుగుతుందని చెప్పావు గానీ, ఎందుకో చెప్పలేదు.

అంకెల దగ్గర తొందరపడ్డావు. ఆడపిండంలో ఇలాంటి అండకణాలు అయిదో నెలలో దాదాపు 70 లక్షలు, పుట్టేసరికి 20 లక్షలు అన్నావు. ఇవి 1963లో టి.జి. బేకర్ అనే పరిశోధకుడు అండాశయాల కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూసి కట్టిన అంచనాలు. ఆ ముక్క రాయి. అండాల నిల్వ ఎంతుందో అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడుతున్న ఆడపిల్లలు కూడా నీ వ్యాసం చదువుతారు. ఇన్ని లక్షలు రాలిపోవడం అందరిలోనూ జరిగేదేననీ, జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలేననీ ఆ అంకెల పక్కనే ఉండాలి. నాలుగు పేజీల తర్వాత చెబితే అప్పటికే భయపడిపోతారు.

"గోడౌన్‌లో సరుకు" పోలిక తీసెయ్. సరుకు సగం తయారై ఏళ్ళ తరబడి ఆగి ఉండదు కదా.

పిండం నాలుగో వారంలో బీజకణాలు, అంటే తర్వాత అండాలకు మూలమయ్యే కణాలు, పచ్చసొన సంచి గోడ దగ్గర బయల్దేరి, పేగు వెంబడి పాకుతూ, అండాశయం ఏర్పడబోయే చోటికి చేరడం చాలా బాగా రాశావు. ఆ పేరా జోలికి వెళ్ళకు. మిగతాది మార్చి పంపు, చదువుతాను.