కనపడలేదు అంటే బాగుందని కాదు

పిల్లలకి కడుపునొప్పి వస్తే ఎం.ఆర్.ఐ. అవసరమా, మత్తు ఇవ్వకుండా తీస్తారా అని ఒకరు అడిగారు. తీస్తారు. మా పాపకి తీశారు. అయితే అట్లా తీయండి అని అడగాల్సింది మనమే.

మాది ఎమ్మిగనూరు. పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున్నే మా ఎనిమిదేళ్ల పాప బొడ్డు చుట్టూ నొప్పి అంటూ ముడుచుకుని పడుకుంది. నేరమంతా ముందురోజు తిన్న ఉగ్గాని, బజ్జీల మీదికి పోయింది. మా అత్త వాము నీళ్లు తాగించి, పొట్టకి ఆముదం రాసింది. మధ్యాహ్నానికి రెండు వాంతులయ్యాయి, నొప్పి కుడివైపు కిందికి దిగింది. నడవమంటే వంగి నడుస్తోంది. విరేచనాల మందు వేస్తే తగ్గిపోతుందని పక్కింటావిడ సలహా. దయచేసి ఆ పని మాత్రం ఎవరూ చేయకండి, లోపల అపెండిక్స్ (పెద్దపేగు మొదట్లో ఉండే చిన్న తోక లాంటి భాగం) వాచి ఉంటే చాలా ప్రమాదం.

కర్నూలు చేరేసరికి సాయంత్రమైంది. అల్ట్రాసౌండ్ తీసి చేతికిచ్చిన కాగితంలో ‘అపెండిక్స్ నాట్ విజువలైజ్డ్’ అని ఉంది. మా ఆయన అది చదివి, అపెండిక్స్ ఏమీ లేదంట అని మా నాన్నకి ఫోన్ కూడా చేసేశారు. సర్జన్ గారు కాగితం చూసి, ‘‘కనపడలేదు అంటే బాగుందని కాదమ్మా. గ్యాస్ అడ్డమొచ్చింది, ఏమీ తేలలేదు’’ అన్నారు. ఆ ఒక్క ముక్క రిపోర్టులో తెలుగులో రాస్తే ఏం పోతుంది? ఆ కాగితం పట్టుకుని ఇంటికి తిరిగిపోయే తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారో అని నాకు ఇప్పటికీ దిగులే.

ఇక ఇంకో స్కాన్ తీయాలి. సి.టి. స్కాన్ అయితే నిమిషాల్లో అయిపోతుంది, కానీ అందులో ఎక్స్‌రే రేడియేషన్ ఉంటుంది. ఎదిగే పిల్లలకి అది ఎంత తగ్గిస్తే అంత మంచిది. ఎం.ఆర్.ఐ.లో ఆ బాధ లేదు, అయస్కాంతం, రేడియో తరంగాలతో తీస్తారు. స్కానింగ్ సెంటర్లో కౌంటర్ దగ్గరున్న మనిషి మాత్రం, ‘‘చిన్నపిల్ల ముప్పావు గంట కదలకుండా పడుకోదు, మత్తు ఇవ్వాలి, మత్తు డాక్టర్ రేపు పొద్దున వస్తారు’’ అని చెప్పి వేరే బిల్లు అందుకున్నాడు. ఆ కడుపుతో రాత్రంతా ఎట్లా ఉంచాలి?

సర్జన్ గారే రేడియాలజిస్టుకి, అంటే స్కాన్లు చూసే డాక్టరుకి, ఫోన్ చేశారు. పొట్ట మొత్తానికి తీసే బొమ్మల వరసలన్నీ అక్కర్లేదు, అపెండిక్స్ కోసం కావాల్సిన నాలుగైదు చాలు, బొమ్మ బాగా కనపడటానికి ఇచ్చే డై ఇంజెక్షన్ కూడా వద్దు అనుకున్నారు. వీటిలో ఒక్కో బొమ్మ సెకను లోపే పడిపోతుందట. అందుకే పిల్ల ఊపిరి పీల్చినా, కాస్త కదిలినా చెదరదు. దీనికి కొత్త మిషన్ కొనక్కర్లేదు, ఉన్న మిషన్ మీదే అవుతుంది.

పాప పట్టీలు, క్లిప్పులు, గౌనుకి పెట్టిన పిన్నీసు, మొలతాడుకున్న వెండి తాయెత్తు అన్నీ తీశాం. నేనూ పుస్తెలు, మెట్టెలు తీసి మా ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్లాను. టెక్నీషియన్ అబ్బాయి బల్ల మీద వేళ్లతో టకటకా కొట్టి, ‘‘ఇట్లాంటి శబ్దమే ఇంకా పెద్దగా వస్తుంది పాపా, అమ్మ నీ కాళ్ల దగ్గరే ఉంటుంది’’ అని చెప్పి, చెవులకి దూది మాదిరి ఉండేవి పెట్టాడు. మత్తు మందు చేసే పని ఆ రెండు మాటలు చేశాయని నేను గట్టిగా నమ్ముతాను. నేను పాప పాదం పట్టుకునే ఉన్నాను. మొదట్లో బిగుసుకుంది, తర్వాత వేళ్లు వదులయ్యాయి. మధ్యలో శబ్దం ఆగినప్పుడు, ‘‘అమ్మా, తాత మగ్గం మాదిరే ఉంది’’ అంది. బయటికొచ్చి చూస్తే పదమూడు నిమిషాలైంది.

అపెండిక్స్ బాగానే ఉంది. పేగుల దగ్గరి లింఫ్ గ్రంథులు వాచాయి. అంతకుముందు వారం జలుబు, గొంతునొప్పి వచ్చాయి కదా, దానివల్లే అన్నారు. నొప్పి అచ్చం అపెండిక్స్ నొప్పి మాదిరే వస్తుందట. ఆపరేషన్ తప్పింది, వారంలో బడికి పోయింది.

పొట్ట గట్టిపడి, జ్వరంతో పిల్ల వాడిపోతుంటే మాత్రం ఎం.ఆర్.ఐ.నే కావాలని పట్టుబట్టకండి, సర్జన్ ఏది చెప్తే అది వెంటనే చేయించండి. టైముంటే, ‘‘అపెండిక్స్ వరకే, డై లేకుండా, మత్తు లేకుండా చిన్న ఎం.ఆర్.ఐ. అవుతుందా?’’ అని డాక్టర్నే అడగండి, కౌంటర్లో కాదు. బయలుదేరే ముందు ఏమీ తినిపించకండి. పట్టీలు, పిన్నీసులు ఇంట్లోనే తీసేయండి.